కొత్త వస్తువుకి బొట్టు

“ఆ డబ్బా గురించి ఇంక మాట్లాడకు,” అన్నాడు శ్యామ్, ఉప్మా ప్లేటు ముందుకు నెట్టేస్తూ. “రోజూ ఇదే గోల. ఇవాళ కొత్త విండోస్ ఎక్కించేస్తాను. పీడా పోతుంది.”

“ఎక్కిస్తే నా డిజైన్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదండీ,” అంది సంధ్య. ఆ మాట ఎన్నోసారి చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

“తెరుచుకోకపోతే వేరేది కొనుక్కో.”

“అమ్మినవాళ్లు ఎప్పుడో మూసేసి వెళ్లిపోయారు. వేరేదాంట్లో నేను చేసినవేవీ తెరుచుకోవు. మొన్న చూపించాను కదా మీకు.”

“కంప్యూటర్ల గురించి నాకు పాఠం చెప్తున్నావా?”

హాల్లో సోఫాలో ఉన్న విశ్వేశ్వరరావు గారు టీవీ సౌండు ఒక గీత పెంచారు. కొడుకు గొంతు పెరిగితే ఆయన టీవీ గొంతు పెరుగుతుంది. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై, నల్లగండ్లలో ఈ ఫ్లాట్‌కి వచ్చిన దగ్గర్నుంచి ఆయన చేస్తున్న పని అదొక్కటే.

శ్యామ్ చెప్పే కారణం అబద్ధమేమీ కాదు. అతను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో మేనేజరు. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఇంట్లో అదే నెట్ మీద పాత కంప్యూటర్లు ఉంటే వైరస్‌లు ఆఫీసు దాకా పాకుతాయని, అలాంటివి తీసేయమని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అది సంధ్యకి అర్థమైంది. అతనికి అర్థం కానిది ఆమె పని.

ఆమె జాకెట్లకి డిజైన్లు గీస్తుంది. నెమళ్లు, లతలు, ఏనుగులు. సూది ఎక్కడ దిగాలో, దారం ఎటు తిరగాలో ఒక్కొక్క కుట్టూ కంప్యూటర్ మీద అమర్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తుంది. నల్లగండ్ల పాత ఊళ్లో ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకున్న జ్యోతి దాన్ని మిషన్‌కి తగిలిస్తే, చేతుల నిండా నెమళ్లు కుట్టుకుంటూ పోతుంది మిషను. ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక ఒక చిన్న డాంగిల్ ఉండాలి. గోరంత ప్లాస్టిక్ ముక్క. పాత విండోస్ దాన్ని గుర్తుపడుతుంది, కొత్తది పట్టదు. పట్టకపోతే కూతురు నీహారిక ఒకటో క్లాసులో ఉన్నప్పటి నుంచి ఆమె గీసినదంతా తెరుచుకోని బొమ్మల కుప్ప.

ఇంకో సంగతి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇంట్లోకి కొత్త వస్తువులు ఊరికే రాలేదు. సంధ్య భుజం కీలు తప్పిన వారం డబుల్ డోర్ ఫ్రిజ్ వచ్చింది. ఆమె ఫోనుని అతను గోడకేసి కొట్టిన మర్నాడు అంతకంటే పెద్ద ఫోను వచ్చింది. వాషింగ్ మిషన్ వచ్చిన రోజు ఆమె చెవికి కట్టు ఉంది. శ్యామ్ నోటితో క్షమించమని అడిగే మనిషి కాదు. పెట్టె మోసుకొస్తాడు. అత్తగారు వీరలక్ష్మి కుంకుమ భరిణె తెచ్చి, “పెట్టవే, ఇంటి కోడలివి, నువ్వే పెట్టాలి,” అంటుంది. సంధ్య బొట్టు పెడుతుంది. దాంతో జరిగింది జరగనట్టే లెక్క. ఫ్రిజ్ మీద, మిక్సీ మీద, టీవీ అంచున ఆ బొట్లు ఎండి గోధుమరంగుకి తిరిగి ఇంకా ఉన్నాయి.

“మీ ఆయన ఏదీ పాతబడనివ్వరండీ, అదృష్టవంతులు మీరు,” అంటుంది ఎదురు ఫ్లాట్ నవ్య.

ఆ పాత కంప్యూటర్ ఒక్కటే సంధ్య అప్పట్లో జాకెట్లు కుట్టిన డబ్బుతో తనకు తాను కొనుక్కున్నది. ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువు అదొక్కటే.

“నాన్నా,” అంది నీహారిక. బాచుపల్లిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న పిల్ల, ఆదివారమని ఇంటికొచ్చింది. ఉప్మాలో జీడిపప్పులు ఏరుకు తింటూ ఇంతసేపూ మాట్లాడలేదు. “దానికి నెట్ తీసేస్తే సరిపోతుంది కదా?”

శ్యామ్ తల తిప్పి చూశాడు.

“అమ్మకి నెట్ దేనికి? పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తుంది, అంతేగా. నెట్టే లేకపోతే మీ ఆఫీసుకి ఏం పాకుతుంది?”

“పెన్‌డ్రైవ్‌లో వైరస్ రాదా? ఆ మిషన్ వాళ్ల దగ్గర్నుంచి?”

“వస్తే అమ్మ సిస్టమ్‌కే వస్తుంది. మీకేం?” అని లేచి పక్క గదిలోకి వెళ్లి, కంప్యూటర్ వెనక చెయ్యిపెట్టి నీలం వైరు లాగేసింది. చిన్న చప్పుడైంది. వైరు కొస పట్టుకుని బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. “ఇదిగో. అయిపోయింది. ఇంత దానికి ఇంత గొడవా?”

సంధ్యకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవి దాటకముందే వీరలక్ష్మి లేచి వెళ్లి వీధి తలుపు వేసింది. గొడవ పెద్దదవుతుందని ఆ ఇంట్లో మొదటి గుర్తు అదే. తలుపు తెరిచి ఉన్నంతసేపూ శ్యామ్ చెయ్యెత్తడు.

కారణం చేతిలో ఉన్నంతవరకే అతనికి మాటలు ఉంటాయి. ఆ కారణాన్ని కూతురు వైరుతో పాటు లాగేసింది.

“ఎవరు నేర్పారే నీకు ఇలా మాట్లాడటం?” అంటూ నీహారిక జడ పట్టుకున్నాడు. జడ చేతికి ఒక చుట్టు చుట్టి లాగాడు. పిల్ల వెనక్కి వాలింది, కుర్చీ పడింది, తల పోయి బీరువా అంచుకి తగిలింది. నోరు తెరిచి అలా ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల మీద అతను చెయ్యి వేయడం ఇదే మొదలు.

సంధ్య ఎలా మధ్యలోకి వచ్చిందో ఆమెకి తెలియదు. పిడికిలి నోటి మీద పడింది. కింది పెదవి పంటికి కోసుకుపోయింది. రెండో దెబ్బకి బల్ల మీద పడి, ప్లేటు, గ్లాసు, ఉప్మా అన్నీ కింద పోయాయి.

“ఈ డబ్బా చూసుకునేగా మీకిద్దరికీ ఈ పొగరు,” అన్నాడు. పక్క గదిలోకి వెళ్లి కంప్యూటర్ వెనక తడిమి డాంగిల్ పీకాడు. “ఉండు, దీని సంగతి చూస్తాను.”

బాల్కనీ వైపు నడిచాడు. కింద ఎనిమిది అంతస్తుల లోతున కొత్త టవర్ కోసం తవ్విన గుంట ఉంది, వాన నీళ్లతో నిండి. అందులో పడితే ఇక దొరకదు.

సంధ్య వెనక నుంచి అతని చెయ్యి పట్టుకుంది. విదిలించాడు. మళ్లీ పట్టుకుంది. రెండో చేత్తో ఆమె తల మీద, మెడ మీద కొడుతూనే ఉన్నాడు. ఆమె ఆ పిడికిలిని నోటి దగ్గరికి తెచ్చుకుని, బొటనవేలి కింద కండ పట్టుకుని కొరికింది.

ఊరికే పంటి గాటు కాదు. పళ్లు దిగాయి. అతను అరిచాడు. ఆ అరుపు విని కూడా ఆమె వదల్లేదు. వెచ్చగా, ఉప్పగా నోట్లోకి వచ్చింది. అందులో తన పెదవిది ఎంతో, అతనిది ఎంతో తెలియలేదు. చెవుల్లో హోరు. టీవీలో ఎవరో పప్పుచారు ఎలా కాయాలో చెబుతున్నారు.

“కొరుకుతోందిరా, మొగుణ్ణి కొరుకుతోంది,” అని వీరలక్ష్మి నెత్తి కొట్టుకుంది.

పిడికిలి విచ్చుకుంది. డాంగిల్ టైల్స్ మీద పడి జారింది. నీహారిక పాకి వచ్చి దాని మీద అరచెయ్యి వేసింది.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

ఎవరూ కదలలేదు. మళ్లీ మోగింది. చివరికి నీహారికే లేచి తలుపు తీసింది. జ్యోతి, పెన్‌డ్రైవ్ మెడలో తాడుకి వేసుకుని నిలబడి ఉంది. “సంధ్యక్కా, డిజైన్ అయిందా? మిషన్ ఖాళీగున్నది, పెండ్లోళ్లు పానం తీస్తున్నరు…” అంటూ లోపలికి అడుగు పెట్టి ఆగిపోయింది. నేల మీద ఉప్మా, రక్తపు చుక్కలు, సంధ్య నోరు చూసింది.

“బాత్రూంలో జారిపడిందమ్మా,” అంది వీరలక్ష్మి. ఎన్నోసార్లు వాడి అరిగిన మాట.

జ్యోతి శ్యామ్ వైపు చూసింది. అతను చేతికి తువ్వాలు చుట్టుకుంటున్నాడు. తువ్వాలు ఎర్రబడుతోంది. “మరి అన్న చేతికి గా రక్తమేంది? ఇద్దరు గలిసి జారిన్రా?”

శ్యామ్ కారు తాళాలు తీసుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

సంధ్య నోరు కడుక్కుంది. కూతురి దగ్గర డాంగిల్ తీసుకుని దాని చోట పెట్టింది. కంప్యూటర్ తెరిచింది. ముందు తెర నల్లగా ఉండి, తర్వాత నెమలి వచ్చింది, తోక విప్పి, కుట్టు కుట్టూ సరిగ్గా. డిజైన్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది.

జ్యోతి దాన్ని మెడలో వేసుకుని, గొంతు తగ్గించి చెప్పింది. “అక్కా, మా దుకాణం ఎనుక అర్ర ఉన్నది. కిరాయికిద్దామనుకున్న. గీ డబ్బ ఆడ పెట్టుకో. కావాల్నంటే నువ్వు గూడ ఉండొచ్చు. సోంచాయించుకో. నువ్వు ఊఁ అంటే రాకేష్ ట్రాలీ తెస్తడు.” రాకేష్ ఆమె భర్త.

సంధ్య ఊఁ అనలేదు. కాదనీ అనలేదు.

మధ్యాహ్నం వంకాయలు తరుగుతూ కూర్చుంది. నీహారిక మంచం మీద, తలకి ఐసు గుడ్డ పెట్టుకుని పడుకుంది. వీరలక్ష్మి పక్కన చేరి పీట వేసుకుంది.

“వాడికి కోపం ఎక్కువ గానీ మనసు వెన్నే సంధ్యా. నువ్వు మాత్రం… ఆడదానివి, అలా కొరుకుతారా ఎవరైనా? కుట్లు పడ్డాయట, ఫోను చేశాడు.”

సంధ్య ఇంకో వంకాయ తీసుకుంది. అత్తగారికి చెప్పలేని మాట ఒకటి పొద్దుట్నుంచి ఆమెని పట్టుకు ఊపుతోంది. ఇప్పుడు కుట్లు పడ్డాయని విన్నా ఆమెకి జాలి కలగలేదు. చాల్లేదనిపించింది. పంటి కింద కండ తెగినప్పుడు ఒళ్లంతా హాయిగా పాకిందే, అది గుర్తుకొచ్చి చేతిలో కత్తి కేసి చూసింది. పొద్దున ఈ కత్తి అందుబాటులో ఉండి ఉంటే, ఆ క్షణాన తను పళ్లు వాడేదా?

కత్తి కిందపెట్టింది. మిగిలిన వంకాయలు తరగలేదు. ఇన్నాళ్లూ అతను తనను చంపేస్తాడేమోనని భయపడింది. ఈ ఇంట్లోనే ఉంటే ఎవరు ఎవర్ని చంపుతారో ఇప్పుడు ఆమెకే తెలియదు. ఎవరు చచ్చినా నీహారిక చూస్తూ ఉంటుంది.

లేచి ఫోను తీసుకుని జ్యోతికి చేసింది. “ఊఁ,” అంది. అంతే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి శ్యామ్ వచ్చాడు. కుడిచేతికి తెల్లకట్టు. చంకలో పెట్టె. పెట్టెని డైనింగ్ బల్ల మీద, పొద్దున ఆమె పడిన చోటే పెట్టాడు.

“లాప్‌టాప్,” అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. “కొత్త విండోస్ దాంట్లోనే ఉంది. దీంట్లో నేర్చుకో. ఆ పాతది స్క్రాప్ వాడికి ఇచ్చేద్దాం.”

వీరలక్ష్మి మొహం విప్పారింది. “చూశావా, నేనన్లేదూ?” అంటూ దేవుడి గదిలోకి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. “రా సంధ్యా. నీహారికా, నువ్వూ రా. ఏవండీ, మీరూ రండి.”

నీహారిక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నుదుటి పక్కన వాపు నల్లబడింది. విశ్వేశ్వరరావు గారు సోఫాలోంచే చూశారు. సంధ్య భరిణె అందుకోలేదు. వెళ్లి వీధి తలుపు తీసి, మళ్లీ మూసుకోకుండా చెప్పుల స్టాండు అడ్డం పెట్టింది. కారిడార్లో నవ్య పిల్లలు సైకిలు తొక్కుతున్నారు.

“అత్తయ్యా, దానికి బొట్టు పెట్టకండి,” అంది. “వెనక్కి ఇచ్చేయాలంటే మరక ఉండకూడదు.”

“ఏం వాగుతున్నావ్?” అన్నాడు శ్యామ్. కట్టు లేని చెయ్యి కాస్త లేచింది. తెరిచి ఉన్న తలుపు చూసి మళ్లీ బల్ల మీద ఆనింది.

కంప్యూటర్ గదిలో బల్ల ఖాళీగా ఉండటం అప్పుడు చూశాడు. ఆ గది గుమ్మం పక్కన దుప్పటి చుట్టిన మూట ఉంది, దానికి ఆనుకుని ఒక సూట్‌కేసు. మూట మెడలోంచి నీలం వైరు కొస వేలాడుతోంది.

విశ్వేశ్వరరావు గారు రిమోట్ వెతుక్కుని టీవీ ఆపేశారు. సంధ్య ఆ ఇంట్లో గొంతు పెంచాల్సిన అవసరం లేకుండా మాట్లాడటం బహుశా అదే మొదటిసారి.

“పాత కంప్యూటర్‌లో ఏమీ మార్చడం లేదు. దాన్ని జ్యోతి వాళ్ల షాపు వెనక గదిలో పెడుతున్నాను. కింద రాకేష్ ట్రాలీ తెచ్చి ఉన్నాడు. నేనూ దాంతోనే వెళ్తున్నాను. నీహారికని హాస్టల్లో దింపి అక్కడికి వెళ్తాను. ఇకమీద ఆదివారాలు తను నా దగ్గరికే వస్తుంది. వంకాయ కూర వండలేదు, అన్నం, పప్పు ఉన్నాయి, పెట్టుకు తినండి.”