ఒక్క పాట వరకే

పొద్దున ఆరున్నరకు, చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్ళం కత్తులు పట్టుకుని వరసగా నిలబడి ఉండగా, యజమాని హానుస్ మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కొట్టం ఇవ్వను," అన్నాడు సోల్రున్‌తో. "పట్నంలో ఎక్కడైనా చేసుకోండి. నా గోడల మధ్య మాత్రం కాదు."

సోల్రున్ పెళ్ళి చేసుకోబోయేది నన్నే. నేను ఆమె పక్కనే ఉన్నాను. నా చేతిలో కాడ్ చేప ఉంది. వెన్నుముల్లు పక్కనుంచి కత్తి దింపి, కండ విడదీసి పెట్టెలో వేశాను. తరువాతి చేప అందుకున్నాను. కోపం రాలేదు. అవమానమూ కలగలేదు. ఆ మాటలు ఎవరో ఇద్దరి గురించి అన్నట్టు విన్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ చెప్పాలి. ఆ పూట మొదట కత్తి కింద పెట్టింది నేను కాదు.

పెట్టింది బిల్లా. అరవై దాటిన మనిషి. హానుస్‌తో ఒకే బెంచీ మీద చదువుకుంది.

"ఏం హానుసూ, నా పెళ్ళికి మీ నాన్న ఇదే కొట్టం ఇచ్చాడు. అప్పటికి నాకు ఐదో నెల. అప్పుడు లేని పాపం ఇప్పుడెక్కడ్నుంచి ఊడిపడింది?"

వరసంతా నవ్వింది.

"బిల్లా, పని చూసుకో."

"చూసుకుందామనే ఉంది. కత్తి మొండిదైపోయింది."

ఆమె కత్తిని బల్ల మీద పెట్టింది. పక్కావిడా పెట్టింది. చప్పుడు వరస చివరిదాకా పోయింది. అప్పుడు నేనూ పెట్టాను, అందరూ పెట్టారు కాబట్టి.

సముద్రం ఒడ్డున ఉన్న పాత ఉప్పుచేపల కొట్టం ఫ్యాక్టరీదే. కానీ మా అమ్మమ్మల కాలం నుంచి ఈ ఊళ్ళో ఏ కూలి పెళ్ళైనా అందులోనే. అడగడం మాటవరసకే. ఆ వేసవిలో చట్టం మారి, ఆడది ఆడదాన్ని, మగవాడు మగవాణ్ణి చేసుకోవచ్చని వచ్చింది. మా ద్వీపంలో అలాంటి మొదటి పెళ్ళి మాది.

టీ గదిలో మీటింగు పెట్టారు. నోట్లో రొట్టెలు పెట్టుకునే అరుచుకున్నారు.

"జీతం కోసం ఆపితే అర్థముంది. పెళ్ళి కోసం పని ఆపుతారంటే?"

"రేపు మీ అమ్మాయికి కూడా ఇవ్వనంటాడు. ఆ పిల్ల ప్రార్థనకి రావట్లేదంటాడు. అప్పుడేం చేస్తావ్?"

మర్యున్ లేచింది. హానుస్ వెళ్ళే ప్రార్థనా సమాజానికే ఆమె కూడా వెళుతుంది. పాట, ఆట, సారా అన్నీ పాపమనే సమాజం అది.

"తూరిద్, నీ మొహం మీదే చెబుతున్నా," అంది నాతో. "నీ పెళ్ళి నాకు నచ్చలేదు. దేవుడికీ నచ్చదనుకుంటా. కానీ ఆ కొట్టం కప్పు నేసింది మా తాత. అందులో ఎవరు అడుగు పెట్టాలో హానుస్ ఒక్కడూ చెబితే కుదరదు. నేను కత్తి ముట్టను."

సోల్రున్ ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. వెయ్యాలని తెలుసు గనక.

మధ్యాహ్నానికి రెండు పడవలు నిండా చేపలతో రేవులో ఆగి ఉన్నాయి. హానుస్ టీ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"శనివారం తీసుకోండి. సారా వద్దు. ఆట ఒక్క పాట వరకే. పాట అవగానే తాళం వేస్తాను."

బిల్లా పెదవి కొరుక్కుంటోంది.

"ఒక్క పాటే. మాట మీద నిలబడతాం," అంది చివరికి, చాలా బుద్ధిగా.

పాపం, అతను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ మా ఆటలో నిలబడలేదు. మా ఆటకి వాయిద్యం ఉండదు. చేతులు పట్టుకుని వలయం కట్టి, ఎడమకి రెండడుగులు, వెనక్కి ఒకటి. ఒకరు చరణం ఎత్తితే అందరూ పల్లవి అందుకుంటారు. ముసలి జకారిస్‌కి వచ్చిన పాటల్లో చిన్నదానికే తొంభై చరణాలు. శనివారానికి అతను ఎంచుకున్నదానికి రెండు వందల పన్నెండు.

శనివారం పొద్దున పురపాలక కార్యాలయంలో సంతకాలు చేశాం. గుమాస్తా చెయ్యి కలిపాడు. సోల్రున్ నన్ను ముద్దు పెట్టుకుంది. ఏళ్ళ తరబడి ఈ రోజు కోసం దాచుకున్నది నాలో ఏదో ఉండాలి. వెతికాను. దొరకలేదు. తలుపులు వేసి ఉన్న ఇంటి ముందు నిలబడినట్టుంది.

రెండు గంటలకు కొట్టంలో ఆట మొదలైంది. అరవయ్యో చరణం దగ్గర హానుస్ గడియారం చూసుకున్నాడు.

"ఇదింకా మొదటి పాటేనా?"

"పాటలో పెళ్ళికూతురు ఇంకా పుట్టనేలేదు," అంది బిల్లా అడుగు తప్పకుండానే. "కూర్చో హానుసూ, కాళ్ళు నొప్పెడతాయి."

కొట్టమంతా నవ్వింది. అతని మొహం నల్లబడింది. గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా అన్నాడు:

"ఈ వలయంలో ఉన్నవాళ్ళెవరికీ సోమవారం పని లేదు. పడవల మీదున్న మీవాళ్ళకి కూడా."

జకారిస్ కొడుకు హానుస్ పడవ మీదే పనిచేస్తాడు. డెబ్బై ఒకటో చరణం అయ్యాక ముసలాయన తరువాతిది ఎత్తకుండా ఆగిపోయాడు. అడుగులు తడబడ్డాయి. ఒక చెయ్యి ఊడింది. మరొకటి.

"పాట అయిపోయినట్టే," అని హానుస్ తాళం బయటికి తీశాడు.

నేను చూస్తూ నిలబడ్డాను. ఇదీ ఎవరికో జరుగుతోంది.

అప్పటిదాకా గోడవార బెంచీ మీద కూర్చున్న మర్యున్ లేచింది. వలయంలోకి ఎవరైనా ఎక్కడైనా రావచ్చు, చాచిన చెయ్యి కాదనకూడదు, అది ఈ ఆట ధర్మం. ఆమె వచ్చి నాకు ఎడమ పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, చేపని పట్టుకున్నట్టు.

"నాకు పాట రాదు. మా ఇంట్లో నేర్పలేదు," అంది. "ఎత్తవే. మొద్దులా చూస్తావేం? ఇంతమంది పని పోగొట్టుకుంది నీ మౌనం వినడానికా?"

డెబ్బై రెండో చరణం ఎవరిదో గొంతుతో వినిపించింది. బొంగురుగా, శ్రుతి లేకుండా. అది నాదని సోల్రున్ తల తిప్పి చూశాక తెలిసింది. లోపల ఇంకా ఏమీ కదలలేదు. కానీ పల్లవి దగ్గర వలయంలోని గొంతులన్నీ నా మీదికి వచ్చి పడ్డాయి, ఊడిన చేతులు కలుసుకున్నాయి, పలకల నేల దద్దరిల్లింది. మర్యున్ అడుగులు తప్పుతూ, తిట్టుకుంటూ, నాతోపాటు తొక్కుతోంది.

రేవులో నిలబడి చూస్తున్న పడవ మనుషులు ఒకరొకరే టోపీలు తీసి లోపలికి వచ్చారు. జకారిస్ కొడుకు ముందు వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. కొట్టం చాలలేదు. వలయం గుమ్మం దాటి రేవు మీదికి సాగి, మళ్ళీ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. తలుపు మూయాలంటే ఇప్పుడు ఎవరిదో చెయ్యి తెంచాలి.

"ఇంకా ఎంతుంది?" అని హానుస్ అడిగాడు.

అందరి నోళ్ళలో పల్లవి ఉంది. అది అయ్యాక నేను డెబ్బై మూడోది ఎత్తాను.