మా ఇంటి గొళ్ళెం

మా కంపెనీ ఫోన్‌తో తెరుచుకునే తాళాలు చేస్తుంది. వాటిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆఫీసులో నన్ను చిల్లక్క అంటారు, ఎంత చిన్న చిల్లున్నా పట్టేస్తానని.

రెండేళ్ళ కిందట పట్టింది మాత్రం చిల్లు కాదు, గండి. తాళం తెరిచే ఫోన్ల జాబితాలోంచి ఎవరి ఫోనైనా తీసేసినా, ఆ ఫోన్‌కి తలుపు తెరుచుకుంటూనే ఉంది. రాసిచ్చాను. మేనేజర్ చదివి "తర్వాత చూద్దాంలెండి" అన్నాడు. పదకొండుసార్లు రాశాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది. సరిచెయ్యాలంటే అమ్మినవన్నీ వెనక్కి తెప్పించాలట, కంపెనీ పరువు పోతుందట. జనం ప్రాణాలు పోయినా ఫరవాలేదు కాబోలు.

ఒక టీచరమ్మ, కొట్టే మొగుణ్ణి వదిలేసి, తాళంలోంచి అతని ఫోన్ తీసేసింది. ఇక భయం లేదనుకుని కూతురితో భోజనానికి కూర్చుంది. అతను తలుపు తీసుకుని తాపీగా లోపలికొచ్చాడు. ఆవిడ కుడిచెయ్యి మూడుచోట్ల విరిగింది. ఇప్పుడు బోర్డు మీద ఒక్క అక్షరం రాయలేకపోతోంది.

ఆవిడ మా కంపెనీ మీద కేసు వేసింది. మా లాయరు లేచి, "లోపం సంగతి కంపెనీకి తెలియనే తెలియదు. పైగా ఈవిడ ఫోన్‌లో మా షరతుల కింద 'అంగీకరిస్తున్నాను' అని నొక్కారు. ఏం జరిగినా మా పూచీ లేదని అందులో ఉంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ముప్పై పేజీలూ చదివి నొక్కినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి.

నన్ను సాక్షిగా పిలిచారు. నా రిపోర్టులన్నీ కంపెనీవాళ్ళు అప్పటికే తుడిచేశారు. "గుర్తులేదనండి, చాలు" అని వారం రోజులు నూరిపోశారు.

టీచరమ్మ తరఫు లాయరమ్మ అడిగింది. "స్టాఫుకి ఈ తాళం ఉచితంగా ఇచ్చారు కదా. మీ ఇంటికి బిగించారా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎదురుగా టీచరమ్మ ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని కూర్చునుంది.

"లేదండీ. డబ్బా అటక మీదుంది. తలుపుకి ఇనుప గొళ్ళెం వేయించాను."

"ఎందుకు?"

"తాళంలో గండి ఉందని తెలుసు కనక."

"ఇంకెవరికి తెలుసు?"

"మా మేనేజర్‌కి. నేను రాసిచ్చిన వారంలోనే ఆయనా గొళ్ళెం వేయించుకున్నారు. వడ్రంగి నంబరు నేనే ఇచ్చాను."

మా లాయరు లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. రేపు నాకు ఉద్యోగం ఉండదని అప్పుడే తెలిసిపోయింది.

బయటికొస్తుంటే వరండాలో టీచరమ్మ ఎదురైంది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

"ఆ వడ్రంగి నంబరు నాకూ ఇచ్చుంటే బాగుండేదమ్మా" అంది.