నీచు వాసన

కోటేశ్వర్ కృష్ణలో మునిగిపోయిన నాటి నుంచి ఆ ఇంట్లో చేప వండలేదు. కొడుకును మింగిన నీళ్ళలో పెరిగిన చేపను ఏ నోటితో తింటామని తల్లి గురవమ్మ ఒట్టు పెట్టుకుంది. భార్య వనజ అడ్డు చెప్పలేదు. బతుకుతెరువు మాత్రం ఆ నీళ్ళ మీదే. అతను నడిపిన లాంచీని మాచవరం అవతల రేవులో కట్టేసి, అందులోనే టీ, కూల్‌డ్రింకులు అమ్ముతున్నారు. ఒడ్డు మీది స్తంభం నుంచి ఒకటే వైరు లాంచీలోకి వస్తుంది. ఫ్రిజ్జు, టీ కాచే కరెంటు పొయ్యి, కోటేశ్వర్ ఫొటో ముందు రాత్రింబవళ్ళు వెలిగే చిన్న ఎర్ర బల్బు, అన్నీ దాని మీదే.

ఎండలు ముదిరాక, సాయంత్రం గిరాకీ వేళ ఫొటో దగ్గర నీచు వాసన రావడం మొదలైంది. తీరిక దొరికి వల వేసిన రోజున కోటేశ్వర్ చొక్కా అచ్చం అలాగే వాసన కొట్టేది. బల్బు కూడా మిణుకుమిణుకుమనేది. గురవమ్మ ఏడవలేదు, భయపడలేదు.

"వాడొచ్చాడే వనజా" అని, ఫొటో కిందే చాప పరుచుకుని పడుకోసాగింది.

వనజకు మొదట ఒళ్ళు జలదరించింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత సాయంత్రం కోసం ఎదురుచూడసాగింది. లాంచీకి రంగు వేయించనా, అత్తను కంటి డాక్టరుకు చూపించనా అని టీ వడపోస్తూనే గొణిగేది. బల్బు రెప్ప వేస్తే సరేనన్నట్టు. బతికుండగా ఒక్క మాటకూ తిన్నగా బదులివ్వని మనిషి పోయాక ఇంత బుద్ధిమంతుడయ్యాడేమిటా అని ఆమెకు నవ్వు కూడా వచ్చేది.

ఒకనాడు రేవులో మోటార్లు బాగుచేసే ఖాదర్ వలి టీకి వచ్చి, ముక్కు ఎగబీల్చి, గ్లాసు కింద పెట్టేశాడు. ఫొటో వెనక చెక్కకు బిగించిన, ఒడ్డు వైరు వచ్చి కలిసే ప్లగ్గును తాకి చటుక్కున వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. చెక్క నల్లబడి ఉంది.

"ఇది చేప వాసన కాదు చెల్లెమ్మా. ప్లగ్గు లోపల కాలతా ఉంటే ఇట్టాగే నీచు కొట్టిద్ది. లాంచీ ఊగినప్పుడల్లా వైరు లాగి లాగి పిన్నులు వదులైనయ్. అంటుకుందంటే పెద్దమ్మ లేసేలోపే అంతా అయిపోద్ది."

ఒడ్డున కరెంటు ఆపడానికి అతను లేస్తే వనజ దారికి అడ్డం నిలబడింది. అది తీసేస్తే మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకోవడమే. కిందికి చూసింది. నల్లబడ్డ చెక్కకు జానెడు దూరంలో అత్త నెరిసిన తల ఉంది. ఆదమరిచి నిద్రపోతోంది.

"ఏమయ్యా, తీసెయ్యమంటావా?" అని ఫొటోను అడిగింది.

బల్బు ఆరి వెలిగింది. మళ్ళీ ఆరి వెలిగింది.

"తీసెయ్ అన్నా" అంది వనజ, పక్కకు తప్పుకుని.

ఖాదర్ వలి పని గట్టిగా చేశాడు. మర తిప్పి బిగించే కొత్త ప్లగ్గు పెట్టాడు. దాని మీద లాగుడు పడకుండా వైరును తాడుతో కట్టాడు. పొయ్యికి వేరే వైరు లాగి, కరెంటులో తేడా వస్తే దానంతటదే పడిపోయే స్విచ్చు ఒడ్డున పెట్టాడు. అప్పుడప్పుడూ ప్లగ్గు తాకి చూడమనీ, వేడిగా ఉంటే ముందు స్విచ్చు ఆపమనీ చెప్పి వెళ్ళాడు.

బల్బు కదలకుండా వెలుగుతోంది. సాయంత్రమైనా వాసన లేదు. గురవమ్మ చాప మీద లేచి కూర్చుని, "వాడేడే?" అంది. మర్నాడూ అదే అడిగింది. ఆ పై రోజుల్లో కూడు ముట్టడం మానేసింది.

చివరికి వనజ రేవులో వలలు దులిపే వాళ్ళ దగ్గర చేపలు కొన్నది. వాళ్ళు వింతగా చూశారు. వాటిని కోయలేదు, కడగలేదు. పళ్ళెంలో పెట్టి ఫొటో వెనక దాచింది. పొద్దువాలేసరికి గురవమ్మ ముక్కుపుటాలు అదిరాయి. "వచ్చాడు" అనుకుని, నాలుగు ముద్దలు తిని, చెక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

వనజ బల్బు ముందు నిలబడింది.

"తప్పు చేశానా?" అని అడిగింది.

బల్బు రెప్ప వేయలేదు.