అరగని గీతలు

ఫ్యాక్టరీ హాజరు సాఫ్ట్‌వేర్‌ను ప్రియదర్శిని ఒక్కో పనికి ఒక్కో చిన్న సర్వీసుగా విడగొట్టి కట్టింది. ఎంతమంది వచ్చినా తట్టుకుంటుందని గొప్పలు పోయింది. ఆడికృత్తిక పండగ మర్నాడు జనమంతా ఒకేసారి గేటుకు వచ్చేసరికి, వేలిముద్రలు పోల్చే సర్వీసు చేతులెత్తేసింది. అది పలకకపోతే మనిషిని లోపలికి వదలొద్దని గేటు సర్వీసుకు రాసిపెట్టింది ఆమే.

తర్వాతి రోజు పొద్దున ఆమె తిరుత్తణిలో రైలెక్కితే, అదే ఫ్యాక్టరీలో పనిచేసే పక్కింటి ఇంద్రాణి బొటనవేలిని కొంగుతో రుద్దుకుంటోంది.

“నిన్న గేటుకాడ మిషను నా వేలు ఒప్పుకోలే పాపా. వెనక్కి పంపేసినారు. గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయినట్టుండాయి. నువ్వు కంప్యూటరు చదివినదానివి గదా, చూడు.”

ప్రియదర్శిని ఆ వేలు పట్టుకుని చూసింది. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

“ఇంకొంచెం రుద్దక్కా” అంది.