ముడి ఉన్న తీగ

తిరుచానూరులో పూల అంగళ్ల వెనక సందులో, చివరి ఇంట్లో జ్ఞానాంబ, పంకజాక్షి అనే అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. ఇద్దరూ మాలలు కట్టి బతికేవాళ్లు. తెల్లవారుతూనే గంపల్లో మల్లెలు, కనకాంబరాలు, తులసి వచ్చేవి. మధ్యాహ్నం దాటేసరికి అవన్నీ మాలలై అంగళ్లకు వెళ్లిపోయేవి. పూలు పోయినా వాసన మాత్రం సాయంకాలం దాకా ఇంట్లోనే తిరుగాడుతూ ఉండేది.

జ్ఞానాంబకు నలభై రెండేళ్లు. చూపు లేదు. పుట్టుగుడ్డి కాదు. ఇరవయ్యో ఏట రేచీకటిగా మొదలై, చూపు అంచుల నుంచి లోపలికి మెల్లగా మూసుకుంటూ వచ్చింది. ముప్పై రెండో ఏట, నడిమధ్య మిగిలిన రూపాయి బిళ్లంత వెలుగు కూడా పోయింది. వాళ్ల నాయనమ్మకూ అంతేనట. పంకజాక్షి ఎనిమిదేళ్లు చిన్నది. పొద్దుగూకితే ఆమెకూ గడప కనబడదని జ్ఞానాంబకు తెలుసు. అంతకు మించి తెలియదు.

రోజూ దీపాలవేళకు పంకజాక్షి లాంతరు ముట్టించి, వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. ఒకే సంచిక వారమంతా కొంచెం కొంచెంగా సాగేది. ఆ ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, కథ మరీ అందంగా నడుస్తోంది. కథలోని పిల్ల ఇల్లు విడిచి పులికాట్ సరస్సులో పడవెక్కింది. పడవ తనంతట తానే పోతుంది. నీళ్ల అడుగున ఒక ఊరు, ఆ ఊళ్లో వీధులు, వీధుల్లో చేపలు. పైన ఎర్రకాళ్ల కొంగలు ఎగిరితే వాటి నీడలు ఆ ఊరి కప్పుల మీద పడతాయి. జ్ఞానాంబ గోడకు ఆనుకుని వినేది. నిద్రలో కూడా ఆ పడవ అడుగు నీళ్లను కోసుకుంటూ పోయే చప్పుడు ఆమెకు వినిపించేది.

ఒకరోజు పక్కింటి మునెమ్మ పూలకు వచ్చినప్పుడు జ్ఞానాంబ ఆ మాటే ఎత్తింది.

"ఆ పిల్ల పడవ దిగుతుందంటావా మునెమ్మా?"

"పడవేందక్కా? ఆ పిల్లకు పెండ్లయి మూడు వారాలాయ గదా! ఇప్పుడు అత్తతో కొట్లాట. ఆ కతలో పడవ యాడుండాది?"

ఆ సాయంత్రం జ్ఞానాంబ మాటల్ని వదిలేసి కాగితాల చప్పుడు విన్నది. పేజీ తిరుగుతోంది. కానీ తిరిగేటప్పుడు గొంతు ఆగడం లేదు. చదివేవాళ్లు పేజీ తిప్పితే ఒక్క క్షణం ఆగాలి కదా. లాంతరు వెలుగులో పంకజకు అక్షరాలు ఆనడం లేదు. ఆ సరస్సు, కొంగలు, మునిగిన ఊరు, అన్నీ చెల్లెలి తలలోంచే వస్తున్నాయి.

తన పాత రోజులు జ్ఞానాంబకు గుర్తొచ్చాయి. లాంతరు చాలని కాలంలో కూడా, గట్టి వెలుతురు ఉంటే తను ఇంకో ఆరేడేళ్లు చూడగలిగింది. పంకజకు కూడా సాయంకాలాలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటికి కావలసింది కరెంటు.

వాళ్ల నాయన తిరుమలయ్య వైర్‌మన్. ఆయన పోయాకే ఈ సందులోకి స్తంభాలు వచ్చాయి. మర్నాడు జ్ఞానాంబ కర్ర పట్టుకుని, నాయనతో కలిసి పనిచేసిన గోవిందస్వామి ఇంటికి వెళ్లింది. ఆయనకు లైసెన్సు ఉంది.

"పంచమి తీర్థం అయ్యేదాకా నాకు ఊపిరాడదు పాపా. గుడి చుట్టూ బల్బులు కట్టాల," అన్నాడాయన.

"నువ్వు రావద్దులే చిన్నాయనా. వైరింగు నేనే చేస్తా. అయినాక వచ్చి సూసి, సరిగా ఉంటే సంతకం పెట్టు."

"కరెంటుతో ఆటలొద్దమ్మా," అన్నాడు గోవిందస్వామి.

"ఇంట్లో కరెంటు యాడుండాది? నువ్వు సంతకం పెట్టినాకే గదా వచ్చేది. అంతవరకు అవి ఉత్త తీగలే. కండ్లుండంగా ఆరేండ్లు నాయన వెంట తిరిగినాను. చేతులు మరిసిపోలే."

"ఒక్క తప్పున్నా మొత్తం ఊడబెరికేస్తా."

"బెరికెయ్."

నాయన సంచి అటక మీదే ఉంది. స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, వాటితోపాటు ఒక చిన్న గంట పెట్టె. అందులో గంట, దానికి రెండు తీగలు. కొత్త టార్చి బ్యాటరీలు వేసింది. ఒక వైరు రెండు కొసలకూ ఆ తీగలు తాకిస్తే గంట మోగుతుంది. మోగితే రెండు కొసలూ ఒకే వైరువి. మోగకపోతే వేరువేరు. నాయన అలా వెతికేవాడు. ఇప్పుడు ఆమెకు ఆ గంటే చూపు.

పూల పని అయ్యాక రోజూ మధ్యాహ్నం మొదలుపెట్టేది. తలుపు తీసుకుని లోపలికి పదిసార్లు నడిచింది. చెయ్యి దానంతట అది ఎక్కడ గోడకు తాకుతుందో అక్కడ, నడుముకు కాస్త పైన, స్విచ్చుబోర్డుకు గుర్తు పెట్టింది. గోడ పొడుగునా అరటినార బిగించి కట్టి, దాన్ని వేళ్లతో తడుముకుంటూ చెక్కపట్టీలు కొట్టింది. గోడలు ఆమెకు ఎన్నడూ ఇంత దగ్గరగా రాలేదు. ఒకచోట సున్నం చల్లగా, ఒకచోట గరుకుగా, దూలం కింద ఇంకా ఏ కాలపు వంటల పొగో జిగటగా. ఇల్లు చీకట్లో మెల్లగా పారే ఏరులాగా, తను దాని ఒడ్డు పట్టుకుని నడుస్తున్నట్టుగా ఉండేది.

తీగలు పరిచే రోజు వచ్చింది. రెండు తీగలు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. కరెంటును మోసుకొచ్చేది ఎర్రది. స్విచ్చు దాని మీదే ఉండాలి.

"పంకజా, ఎర్రది నా సేతికియ్యి," అంది జ్ఞానాంబ.

పంకజాక్షి రెండూ అందుకుంది. ఎంతసేపటికీ ఇవ్వలేదు. అప్పటికి మూడో నాలుగో అయి ఉంటుంది. బయట ఎండ కాస్తోంది, కానీ ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ.

"ఏందే?"

"రెండూ నల్లగానే ఉండాయక్కా."

సుత్తి కింద పెట్టి జ్ఞానాంబ ఆమె పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్లయింది?"

"లాంతరు కాడ అచ్చరాలు పోయి నాలుగు నెలలు. పగలు బయట బాగనే కనబడతాది. నీకు చెప్తే..." పంకజాక్షి పమిటతో కళ్లు తుడుచుకుంది. "నువ్వు పడిన బాధ నేను సూసినా గదక్కా. నువ్వు మళ్లా అదంతా తలుసుకోవాలనా? నేను సదివింది కూడా..."

"తెలుసు. మునెమ్మ చెప్పింది. ఆ పిల్లకు పెండ్లయిపోయిందంట."

పంకజాక్షి ఏడుపులోనే నవ్వింది. జ్ఞానాంబ ఆమె తల నిమిరింది. "అచ్చేసిన కత కంటే నీదే బాగుండాది. అయినా నువ్వు సదవాల. దానికే ఇదంతా."

ఆ తర్వాత ఇద్దరూ పెరట్లో ఎండలోకి పోయారు. అక్కడ పంకజకు ఎరుపు తెలిసింది. ఎర్రతీగ కొసల్లో పూలదారంతో ముడి వేసుకుంటూ వచ్చారు. ముడి ఉంటే ఎర్రది, లేకుంటే నల్లది. "ఇంక కండ్లు మూసుకుని సూడు," అంది అక్క. చెల్లెలు కళ్లు మూసుకుని వేళ్లతో తీగ పొడుగునా పోయింది. మొదట తప్పింది. తర్వాత తప్పలేదు. ఆ వారమంతా ఆమె కళ్లు మూసుకునే క్లిప్పులు నొక్కింది, తీగ కొసలు గీకింది, మర బిగించింది. మధ్యమధ్య గంట మోగుతుంటే మునెమ్మ గోడవతల నుంచి, "మీ ఇంట్లో ఏం పూజక్కా, ఆగకుండా గంట కొడతాండారు?" అని అడిగేది.

పంచమి తీర్థం జనమంతా వెళ్లిపోయాక గోవిందస్వామి వచ్చాడు. ఒక్క మాట లేకుండా పట్టీలు తడిమాడు, బోర్డులు విప్పాడు. పిడి తిప్పే మెగ్గరు యంత్రం పెట్టి తీగల తొడుగు ఎక్కడైనా చిరిగిందేమో పరీక్షించాడు. ఆ పిడి గరగర ఎంతసేపు తిరిగిందో, జ్ఞానాంబ గుండె అంతసేపూ దానితోనే తిరిగింది. చివరికి గంట పెట్టె తీసుకుని ఒక్కొక్క స్విచ్చు దగ్గరా మోగించుకుంటూ వచ్చాడు. గోడ వారన ఉన్న బల్ల పక్క దీపం దగ్గర ఆగాడు.

"పాపా, ఈడ స్విచ్చు నల్లతీగ మీద పెట్టినావే."

జ్ఞానాంబ బోర్డు మీద చెయ్యి వేసింది.

"స్విచ్చు ఆపినా హోల్డర్లో కరెంటు నిలిచే ఉంటాది. ఆరిపోయిందిలే అని ఎవరన్నా బల్బు మార్సబోతే కొడతాది."

పంకజ కూర్చుని చదివేది ఆ బల్ల దగ్గరే. అది ఆఖరి దీపం. ఆ రోజు తొందరలో, ముడి వేలికి తగిలిందనుకుని జ్ఞానాంబ గంట మోగించలేదు. ఆ సంగతి దాచకుండా చెప్పింది. ఊడబెరకమని కూడా అంది.

"బెరకేదేముండాది? నీ నాయన కూడా ఒకసారి ఇట్లనే చేసినాడు," అన్నాడు గోవిందస్వామి. "నా ముందరే మార్చు."

ఆమె బోర్డు విప్పి తీగలు మార్చింది. ఈసారి రెండుసార్లు గంట మోగించింది. గోవిందస్వామి తనూ మోగించి చూసుకున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.

పదిరోజులకు ఆఫీసు వాళ్లు స్తంభం నుంచి తీగ లాగారు. ఆ సాయంకాలం పంకజాక్షి బల్ల దగ్గర కూర్చుంది. జ్ఞానాంబ స్విచ్చు కిందికి నొక్కింది. టప్‌మన్న చప్పుడు. తర్వాత ఏమీ వినిపించలేదు.

"పంకజా?"

"అక్కా," అంది చెల్లెలు నెమ్మదిగా, "నీ తల ఎప్పుడు నెరిసింది?"

పగలంతా పక్కపక్కన కూర్చున్నా, వంచిన తల ఎత్తని పని వాళ్లది. పంకజాక్షి లేచి వచ్చి అక్క ముఖాన్ని రెండు చేతులతో వెలుగు వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది. ఆ రోజు వారపత్రిక తెరవనే లేదు.

ఏడేళ్లు ఆ ఇంట్లో సాయంకాలాలు సాగాయి. అత్తాకోడళ్ల కొట్లాట తీరింది. ఇంకెన్నో సీరియళ్లు మొదలై ముగిశాయి. అక్షరాలు పెద్దవైన పుస్తకాలు వచ్చాయి, తర్వాత భూతద్దం వచ్చింది.

ఎనభై ఆరులో, ఒక ఆషాఢమాసపు సాయంత్రం, చదువుతున్న పంకజాక్షి వాక్యం మధ్యలో ఆగింది.

"కరెంటు పోయిందా అక్కా?"

జ్ఞానాంబ బల్ల పక్కన గోడకున్న బల్బు దగ్గరికి అరచెయ్యి చాపింది. వెచ్చగా తగిలింది. అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేదు. చెల్లెలి చెయ్యి తీసుకుని, తన చెయ్యి పక్కన, ఆ వెచ్చదనంలో నిలిపింది.

"లేదు పంకజా. ఉండాది."

పంకజాక్షి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ అలాగే ఉన్నారు. బయట వాన మొదలైంది. కాసేపటికి పంకజాక్షి పుస్తకం మూసి, ఆగిపోయిన వాక్యాన్ని తన మాటల్లో అందుకుంది.