దేవకమ్మ తోపులో వేరు పొయ్యి

ఐదు దేశాల పిల్లలకు వారం రోజుల పాటు ఏం పెట్టాలి, ఏం ఆడించాలి, ఎక్కడెక్కడ తిప్పి చూపించాలి అన్న బరువంతా కృపామణి నెత్తిన పడింది. ఎవరో తెచ్చి పడేశారని కాదు, తానే వంగి ఎత్తుకుంది. పలమనేరులో ఆడపిల్లల బడిలో ఆమె వ్యాయామం టీచరు, గైడ్లకు, అంటే స్కౌట్లలో ఆడపిల్లల దళానికి, కెప్టెన్. అంతర్జాతీయ స్కౌట్ శిబిరాన్ని తిరుపతి పక్కన పెడదామని పైవాళ్లు అనుకుంటూ ఉంటే, సమావేశంలో లేచి నిలబడి, "డిసెంబర్లో మా పలమనేరు సల్లగా ఉంటాది సార్, మామిడితోపులు ఉండాయి, నీళ్లు ఉండాయి, మా ఊర్లో పెట్టండి" అని అనేసింది. అనేసి కూర్చున్నాక, ఎందుకన్నానా అనుకుంది. అప్పటికే అందరూ చప్పట్లు కొట్టేశారు. చప్పట్లు కొట్టినవాళ్లలో పనికి వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు.

ఆమె అంత తెగించి అడగడానికి కారణం బడిలో తన చేతి కింద ఉన్న ఎనిమిది మంది ఆడపిల్లలు. ముడులు వేయడం నేర్చుకున్నారు, గుడారం ఎత్తడం నేర్చుకున్నారు, కాలు విరిగినవాడికి కట్టు కట్టడం నేర్చుకున్నారు. ఒక్క శిబిరానికి మాత్రం పోలేదు. బయట ఊర్లో రాత్రి పడుకోవాలి అనేసరికి ఇళ్లలో అందరిదీ ఒకటే మాట, వద్దు. ఆ జట్టుకు నాయకురాలు మిస్బా. వాళ్ల నాన్న నిస్సార్‌కు బస్టాండు దగ్గర పరుపుల కొట్టు ఉంది. ఆయన్ని అడగడానికి కృపామణి ఆ కొట్టుకు ఎన్నిసార్లు తిరిగిందో! చివరికి ఆయన తేల్చి చెప్పాడు.

"తిరపతి అంటే నేను పంపించను మేడమ్. దేవకమ్మ తోపులో అయితే పంపిస్తా. ఆ యమ్మ ఉండేకాడికి పిట్ట గూడా అడక్కుండా రాదు."

తక్కిన ఏడుగురి ఇళ్లలోనూ అదే మాట. అంటే దేవకమ్మ తోపు ఉంటేనే ఈ పిల్లలకు శిబిరం. తోపు పోతే మగపిల్లలు ఎక్కడికైనా పోతారు, వీళ్లు మాత్రం ఇంట్లో కూర్చుని ఫోన్లో ఫోటోలు చూసుకుంటారు.

దేవకమ్మది ఊరి శివార్లలో పెద్ద తోపు, దాని పక్కనే ఇల్లు, ఆవుల కొట్టం. మొగుడు పోయాక సేద్యమంతా ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. మాట కరుకు, మనసు ఎటువంటిదో ఎవరూ అంతు చూసినట్టు లేరు. తోపు అడిగితే మాత్రం ఒక్క మాటకే ఒప్పుకుంది.

"పూత రాకముందే గదా, పెట్టుకోండి. బాడుగ గీడుగ అన్నావంటే ఊరుకోను," అంది.

అంత మంచి మాట అన్నది కాబట్టి, కాఫీ సంగతి కృపామణి మనసులోనే పెట్టుకుంది. శిబిరం పనుల మీద తిరుపతి నుంచి బాలసుబ్రమణ్యం అనే ఆయన వచ్చేవాడు. నిబంధనలన్నీ నాలుక చివర పెట్టుకున్న మనిషి. ఇద్దరూ దేవకమ్మ వసారాలో కూర్చునేవాళ్లు. ఆయనకు తళతళలాడే స్టీలు గ్లాసులో కాఫీ వచ్చేది, కృపామణికి పేపరు గ్లాసులో. మొదటిసారి గ్లాసులు చాలలేదేమో అనుకుంది. రెండోసారి ఆమె ఒక్కతే పోయింది, అప్పుడూ పేపరు గ్లాసే. కృపామణి వాళ్ల అమ్మ కాలంలో కొబ్బరిచిప్పలో ఎత్తి పోసేవాళ్లట. కాలం మారలేదని ఎవరనగలరు? కృపామణి తాగి, గ్లాసు నలిపి, దిబ్బలో పారేసి వచ్చేది. ఒళ్లు మండేది. అయినా ఎనిమిది మంది పిల్లల మొహాలు గుర్తుకొచ్చి నోరు మూసుకునేది.

పనులు మాత్రం ఒక్కొక్కటీ కుదురుకుంటున్నాయి. తాడు మీద వాగు దాటే ఆట ఎక్కడ పెట్టాలో చూసుకున్నారు. ఒకరోజు చంద్రగిరి కోట, ఒకరోజు తలకోన జలపాతం, సూళ్లూరుపేట వైపు పోయి పులికాట్ కొంగల్ని చూసి రావడం అనుకున్నారు. మలేసియా పిల్లలకు హలాల్ మాంసం నిస్సార్ చూసుకుంటానన్నాడు. శ్రీలంకవాళ్లకు మూడు పూటలా అన్నమే కావాలట. జపాన్ నుంచి వచ్చే నాయకుడు మాత్రం, మీ పక్క అడవిలో ఏనుగులు ఉన్నాయట కదా, గుడారాల దగ్గరికి వస్తాయా అని అడిగాడు.

"రావు అని రాసేయండి మేడమ్," అన్నాడు బాలసుబ్రమణ్యం ఫోన్లో.

"వస్తే ఏం చేసేది సార్?"

"వస్తే అప్పుడు సూసుకుందాం. వాటికి మన కార్యక్రమం తెలియదు గదా."

ఇన్ని కుదిరాక చిక్కు వచ్చింది వంట దగ్గర. స్కౌట్ శిబిరంలో వంటవాళ్లు ఉండరు. ఎనిమిదేసి మందితో ఒక్కో జట్టు కడతారు. ఏ జట్టు పొయ్యి ఆ జట్టు పెట్టుకోవాలి, ఏ జట్టు కూడు ఆ జట్టు వండుకోవాలి. అది తప్పితే శిబిరం లెక్కలోకే రాదు. కృపామణికి ఇది పుట్టుకతో తెలిసినంత మామూలు విషయం కాబట్టి దేవకమ్మకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. బుద్ధి తక్కువ అని తర్వాత తనను తానే తిట్టుకుంది.

ఆ రోజు ఆమె వసారాలో కూర్చుని పొయ్యిలు ఎక్కడ తవ్వాలో చెబుతూ ఉంది. చేతిలో పేపరు గ్లాసు, అందులో వేడి కాఫీ.

"పొయ్యిలెందుకు మే?" అంది దేవకమ్మ. "నేను వంటోళ్లను మాట్లాడేసినాను. కొట్టం పక్కన పెద్ద పందిరి ఏపిస్తా. అన్ని దేశాల నుంచి బిడ్డలు వస్తా ఉంటే కడుపునిండా పెట్టేది లేదా?"

"వాళ్లే వండుకుంటారమ్మా. ఎవరి జట్టు వంట వాళ్లదే."

దేవకమ్మ మొహం ఉన్నట్టుండి గట్టిపడింది.

"నా బూమిలో, నా ఇంటి ముందర, వాళ్లు వేరు పొయ్యి పెట్టుకొని వండుకుంటారా?"

"శిబిరం పద్ధతి అదే అమ్మా. మీ మీద ఏమీ..."

"పద్ధతి అని నాకు సెప్పొద్దు. ఆ పద్ధతి నేను సూసినాను." దేవకమ్మ గొంతు పెరిగింది. "నా సిన్నప్పుడు మా నాయన ఇంటికి ఒకాయన వస్తా ఉండె, బూముల లెక్కలు రాసేదానికి. మా ఇంట్లో నీళ్లు గూడా తాగడు. బియ్యం, పప్పు, కట్టెలు ఇస్తే చింతమాను కింద స్వయంపాకం చేసుకుంటా ఉండె. మేము వండితే మైలంట! మా నాయన అంత రైతు, ఆయన తినే దాకా ఎండలో సేతులు కట్టుకొని నిలబడతా ఉండె. మా యమ్మ లోపల ఏడస్తా ఉండె. ఆ పొద్దే అనుకున్నా. నా ఇంటికి వచ్చినోళ్లు నా సేతి కూడు తినాల, లేదంటే రానే రాకూడదు. సెప్పు మీ వాళ్లకి. వేరు పొయ్యి అంటే తోపు లేదు."

కృపామణి చేతిలో గ్లాసు వైపు చూసుకుంది. ఆ ఏడుపు ఎలాంటిదో ఆమెకు తెలుసు. వాళ్ల అమ్మ కూడా ఏడ్చింది, కాకపోతే ఆమె ఏడ్చిన వాకిళ్లు ఇటువంటి వసారాల ముందర ఉండేవి. ఊరుకో, ఊరుకో, పిల్లల కోసం ఊరుకో అని లోపల ఒకటే పోరు. కానీ ఎన్నాళ్లని మింగుతుంది మనిషి?

"మీ యమ్మ ఎందుకు ఏడ్చిందో నాకు బాగా తెలుసు దేవకమ్మా," అంది. "ఈ పేపరు గ్లాసులో తాగేటప్పుడంతా నాకూ అట్లనే ఉంటాది."

దేవకమ్మ ఉలిక్కిపడినట్టు చూసింది. ఆ తర్వాత లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. తలుపు వేయలేదు, అలాగని పిలవనూ లేదు. కృపామణి కాసేపు కూర్చుని, సగం కాఫీ ఉన్న గ్లాసు అక్కడే వసారా అంచున పెట్టి వచ్చేసింది.

దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. అన్న మాట నిజమే, తప్పు కాదు. తప్పు కాకపోతే మాత్రం ఏం లాభం? నోటి దురదకు ఎనిమిది మంది ఆడపిల్లల శిబిరం పోయింది. మరునాడు మైదానంలో మిస్బా పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడమ్, మా అబ్బా నా కోసం కొత్త పరుపు కుడతా ఉండాడు, గుడారంలోకి!" అంది. గుడారంలో పరుపు ఏందే పిచ్చిదానా అని నవ్వబోయి, కృపామణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈల ఊదుతున్నట్టు మొహం అటు తిప్పుకుంది.

బాలసుబ్రమణ్యానికి చెప్పక తప్పలేదు. గ్లాసు సంగతి చెప్పలేదు, వంట గొడవ మాత్రం చెప్పింది.

"అయితే తిరుపతిలోనే పెట్టేద్దాం మేడమ్," అన్నాడాయన తేలిగ్గా. "గ్రౌండు నేను మాట్లాడతా. మీరేం బాధపడొద్దు."

ఆయనకేం, హాయిగా అన్నాడు. పిల్లలకు ఎలా చెప్పాలా అని ఆమె తిండి కూడా మానేసి ఆలోచిస్తూ ఉంటే, శనివారం సాయంత్రం ఫోన్ మోగింది. అవతల దేవకమ్మ.

"రేపు నీ పిల్లోళ్లను పిల్చుకొని తోపుకు రా. వాళ్లు ఎట్ల వండుతారో నేను సూడాల."

"అమ్మా, మొన్న నేను..."

"సూడాల అన్నాను గదా. రా." ఫోన్ పెట్టేసింది.

పిలిచింది తిట్టడానికో, పెట్టడానికో కృపామణికి అంతు పట్టలేదు. అయినా ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటేసుకుని పోయింది. పిల్లలు పొయ్యి తవ్వారు, పుల్లలు ఏరారు, ఒకరు ఆకుకూర ఉడికించి పుల్లగూర ఎనిపారు, ఇద్దరు వేరుశనగలు వేయించి ఊరిబిండి నూరారు. సంగటి మాత్రం వాళ్ల వల్ల కాలేదు. ఉడికే బియ్యంలో రాగిపిండి పోశాక తెడ్డుతో గెలకాలంటే భుజాల్లో బలం ఉండాలి. మిస్బా రెండు తిప్పులు తిప్పి చేతులెత్తేసింది. కృపామణి కొంగు దోపి, తెడ్డు అందుకుని తానే గెలికింది.

దేవకమ్మ దూరంగా కుర్చీ వేసుకుని అంతా చూస్తూనే ఉంది. పొయ్యి పొగ ఎగదన్నినప్పుడు రెండుసార్లు లేవబోయింది, మళ్లీ కూర్చుంది.

శిబిరంలో ఇంకో పద్ధతి ఉంది. జట్టు వండింది జట్టు తినేముందు, మొదటి పళ్లెం అతిథికి ఇవ్వాలి. మిస్బా సంగటి ముద్ద, పుల్లగూర, ఊరిబిండి పళ్లెంలో పెట్టి దేవకమ్మ ముందుకు తీసుకుపోయింది. ఇది కృపామణి చెప్పి చేయించింది కాదు. గైడ్ల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసింది ఆ పిల్ల.

"సంగటి ఎవరు గెలికినారు?" అని అడిగింది దేవకమ్మ.

"మా మేడమే అమ్మా. మాకు రాలేదు."

దేవకమ్మ పళ్లెం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. పిల్లలకు ఏమీ తెలియదు, తింటుందా తినదా అని సంబరంగా ఎదురుచూస్తున్నారు. కృపామణికి అంతా తెలుసు. తినకుండా పళ్లెం కింద పెడితే ఇక్కడి నుంచే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోదాం, ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కొద్దు అనుకుంది. నిజంగానే అనుకుంది.

దేవకమ్మ ముద్ద తుంచింది, ఊరిబిండిలో అద్దింది, నోట్లో పెట్టుకుని మింగింది. ఇంకో ముద్ద మింగింది.

"గడ్డలు కట్టినాది," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "పిండి పోసినాక మూత పెట్టి రోంత సేపు ఇడవాల. జపానోళ్లకు నువ్వు నేర్పించేది ఇదేనా టీచరమ్మా?"

పిల్లలు పకపకా నవ్వారు. కృపామణి కూడా నవ్వింది, నవ్వుతూనే పైటతో కళ్లు తుడుచుకుంది. పొగ అనుకుంటారులే అనుకుంది. దేవకమ్మ పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిని, ఇంకో అర ముద్ద అడిగి వేయించుకుంది.

చెయ్యి కడుక్కున్నాక కృపామణిని దగ్గరికి పిలిచింది. నేరుగా మొహంలోకి చూడలేదు, తోపు వైపు చూస్తూ మాట్లాడింది.

"పొయ్యిలు యాడ కావాలంటే ఆడ తవ్వుకోండి. వాళ్లు వండింది నాకు గూడా పెట్టాల, పూటకొక జట్టు. పెట్టి తింటే అది వేరు పొయ్యి కాదు."

"పెడతారమ్మా. సంతోషంగా పెడతారు."

"ఆఖరి రోజు ఒక్క పూట నాది. అందరికీ నేను పెడతా. దానికి మీ పద్ధతి గిద్ధతి అడ్డం రాకూడదు."

"రాదమ్మా. సార్‌కు నేను సెప్పుకుంటా."

కృపామణి సంచిలోంచి కార్యక్రమం కాగితం తీసి, చివరి రోజు మధ్యాహ్నం భోజనం పక్కన రాసుకుంది. దేవకమ్మకు చదువు రాదు. వంగి కాగితంలోకి చూసి అడిగింది.

"యాడ అని రాసినావు?"

"దేవకమ్మ గారి ఇంట్లో, అని రాసినానమ్మా."

"ఇంట్లో అంటే సాలదు. వసారా గూడా ఇల్లే అంటారు." ఆమె కాగితం మీద వేలు పెట్టింది. "లోపల, అని రాయి. ఆ బిడ్డలు, నీ బిడ్డలు, నువ్వు. లోపల."

కృపామణి రాసింది.