జెట్టీ కింద పదకొండో స్తంభం

మ్వనాషా ఆఖరి చుట్టు చుట్టి, గాలిబుడగ మిగలకుండా నల్లగుడ్డను రోలరుతో స్తంభానికి అదిమింది. మొంబాసాలోని ఆ పాత జెట్టీ కింద ఇది పదకొండోది. ఉప్పునీటికి లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా రాలిపోయింది. పెచ్చులు కొట్టి తుప్పు గీకేది ముసలి కొంబో. మాసిక వేసి, జిగురులో తడిపిన కార్బన్ గుడ్డ చుట్టేది ఆమె.

పోటు మొదలై సముద్రం నీళ్లు పెరుగుతున్నాయి. "పద బాబాయ్, ఇక చాలు," అంది.

కొంబో నిచ్చెనెక్కి జెట్టీ మీదికి తెరుచుకునే ఇనుప మూతను తోశాడు. కదల్లేదు. భుజం ఆనించి మళ్లీ తోశాడు.

"ఎవడో దీనిమీదే లారీ ఆపినట్టున్నాడే అమ్మాయ్."

పెచ్చులు సముద్రంలో పడకుండా చుట్టూ అడుగుదాకా పలకలు బిగించి ఉన్నాయి. దారంటే ఆ మూత ఒక్కటే. ఫోన్లు పైనే ఉన్నాయి. సుత్తితో బాదారు, అరిచారు. క్రేన్ల మోతలో ఎవరికి వినబడుతుంది? నీళ్లు నడుముకొచ్చాయి. జిగురు వాసనకు గొంతు మండుతోంది.

"నీకు ఈతొచ్చా?" అన్నాడు కొంబో.

"వచ్చి ఏం లాభం? ఎక్కడికి ఈదాలి?"

"నలభై ఏళ్లుగా ఈ సముద్రం పక్కనే బతికా. మూతపెట్టి ముంచుతుందనుకోలేదు."

నిచ్చెనకు దూరంగా, పైకప్పులో వాననీరు దిగే కన్నం ఒకటి పిడికెడు వెలుతురుతో కనిపించింది. మ్వనాషా పొడి గుడ్డ పీలికను ఊడిపడిన ఓ చువ్వకు కట్టింది. చెయ్యి అందలేదు.

"నా భుజాలెక్కు."

"నీ నడుము విరుగుద్ది బాబాయ్."

"దాని సంగతి పైకెళ్లాక చూద్దాంలే."

ఎక్కి, చువ్వను కన్నంలోంచి పైకి తోసి ఊపింది. చేతులు తిమ్మిరెక్కేదాకా ఊపింది. కింద కొంబో గడ్డానికి నీళ్లు తగులుతున్నాయి. అప్పుడు పైనుంచి ఎవరో గుడ్డ పట్టి లాగారు.

"ఏంటిది?" ఆడగొంతు.

"మనుషులున్నామక్కా, లారీ తీయించు!"

ఆమె డ్రైవరును తిట్టిన తిట్లు కిందికి వినిపించాయి. ఆ తర్వాతే ఇంజను మోగింది, మూత తెరుచుకుంది, ఇద్దరూ పైకొచ్చి పడ్డారు.

సూపర్‌వైజర్ న్యాలే వచ్చి ముందు కిందికి తొంగిచూశాడు. "పదకొండోది తడిసిందా?"

"జిగురు గట్టిపడకముందే మునిగింది. ఊడదీసి మళ్లీ చుట్టాలి."

"అయితే రేపు ఆటులో దిగండి."

కొంబో చొక్కా పిండుకుంటున్నాడు. "మూత దగ్గర మనిషి లేకుండా దిగం," అంది మ్వనాషా.

"మనుషుల్లేరు."

"అయితే మీరే కూర్చోండి సార్."

న్యాలే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున అతను కుర్చీ ఈడ్చుకొచ్చి మూత పక్కన కూర్చున్నాడు. కొంబో దిగిపోయాడు. మ్వనాషా మూడో మెట్టు మీద ఆగింది. కిందినుంచి జిగురు వాసన వస్తోంది. నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడి, తర్వాత దిగింది.